గురువు లేని గురుకులం: ‘డాక్టర్ హూ’ అభిమాన రచయితలు

1989 డిసెంబర్ 6న బీబీసీ ‘డాక్టర్ హూ’ ధారావాహికలో ఒక భాగాన్ని ప్రసారం చేసింది. ఆ మరుసటి ఏడాది కొత్త కథలు రాలేదు. 1963 నవంబర్ 23న మొదలై ఇరవయ్యారేళ్లు నడిచిన కార్యక్రమం అలా చడీచప్పుడూ లేకుండా ఆగిపోయింది. 1996లో వచ్చిన ఒక్క టెలివిజన్ చిత్రాన్ని మినహాయిస్తే, అది మళ్లీ తెరకెక్కింది 2005 మార్చి 26న. తిరిగి తెచ్చిన ప్రధాన రచయిత రసెల్ టి. డేవిస్. ఆయన తరువాత స్టీవెన్ మోఫట్, ఆపైన క్రిస్ చిబ్నల్ ఆ బాధ్యత స్వీకరించారు. ముగ్గురూ చిన్ననాటి నుంచి ఆ ధారావాహికకు వీరాభిమానులే. వారి చుట్టూ చేరిన రచయితల్లోనూ చాలామంది అభిమానులే. తెరపై కథ లేని ఆ పదిహేనేళ్లలో ఇంతమంది రాయడం ఎక్కడ నేర్చుకున్నారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నది ఆసక్తికరమైన ప్రశ్న.

కాలంలో ప్రయాణించే ఒక అజ్ఞాత వ్యక్తి, అతని వాహనమైన నీలిరంగు పోలీసు పెట్టె, మరణం అంచున కొత్త రూపం దాల్చే అతని శరీరం: ఈ కథ సారాంశం ఇంతే. తొలి కథకు దర్శకత్వం వహించినది లక్నోలో పుట్టిన వారిస్ హుసేన్ అన్న సంగతి భారతీయ పాఠకులకు ప్రత్యేకంగా చెప్పదగినది. ఒకరు కల్పించిన లోకంలో మరొకరు కథ రాయడమేమిటని తెలుగువారు ఆశ్చర్యపోనక్కరలేదు. మళ్లీ రామాయణమెందుకన్న ప్రశ్నకు విశ్వనాథ తన కల్పవృక్షం అవతారికలోనే జవాబు చెప్పుకున్నారు. తెలిసిన పాత్రలు, తెలిసిన నియమాలు ఉన్నప్పుడు కొత్తగా కలం పట్టినవారికి సగం భారం తగ్గుతుంది. మిగిలిన సగంలో నేర్పు ఉందో లేదో వెంటనే బయటపడుతుంది.

ఈ ధారావాహికలో శిష్యరికం మొదట ఒక ఇంటి గదిలో మొదలైంది. ప్రకటనల రంగంలో పనిచేస్తున్న టెరన్స్ డిక్స్, టెలివిజన్ రచయిత మాల్కమ్ హల్క్ ఇంట్లో అద్దెకుండేవారు. హల్క్ ఆయనను పిలిచి ‘ది అవెంజర్స్’ ధారావాహికకు కలిసి రాద్దామన్నారు. 1969లో ఇద్దరూ కలిసి ‘ది వార్ గేమ్స్’ అనే పది భాగాల ‘డాక్టర్ హూ’ కథ రాశారు. అప్పటికే డిక్స్ ఆ కార్యక్రమంలో స్క్రిప్ట్ ఎడిటర్. 1974లో ఆ ఉద్యోగం వదిలి వెళుతూ, పాత ఎడిటరు కొత్త ఎడిటరుకు మొదటి కథ రాసివ్వడం ఇక్కడి సంప్రదాయమని ఆయన అన్నారట. అలాంటి సంప్రదాయమేదీ లేదు, అప్పటికప్పుడు ఆయనే కల్పించారు. ఆ కల్పన ఫలితమే ‘రోబో’ అనే కథ. తరువాత ఆయన టార్గెట్ ప్రచురణ సంస్థ కోసం అరవైకి పైగా కథలను నవలికలుగా తిరిగి రాశారు. వీడియో టేపులు ఇళ్లకు రాని ఆ రోజుల్లో ప్రసారమైపోయిన కథను మళ్లీ చూసే మార్గం లేదు. ఆ పలుచని పుస్తకాలే పిల్లలకు దిక్కు. పొట్టి వాక్యాలు, పరుగెత్తే కథనం. డిక్స్‌ను ఒక్కసారైనా కలవకుండానే ఆయన దగ్గర వాక్యం నేర్చుకున్న పిల్లలు ఒక తరం ఉన్నారు. ఏకలవ్యుడి కథ ఇక్కడికి సరిగ్గా సరిపోతుంది, బొటనవేలి ప్రసక్తి తప్ప.

1976లో డాక్టర్ హూ అప్రీసియేషన్ సొసైటీ ఏర్పడింది. ఊరూరా అభిమానులు సొంత ఖర్చుతో చిన్న పత్రికలు అచ్చువేసుకునేవారు. వాటిలో సమీక్షలు, వాదాలు, కథలు, అప్పుడప్పుడు దూషణలూ ఉండేవి. 1986లో బీబీసీ ‘ఓపెన్ ఎయిర్’ కార్యక్రమంలో ఆ సొసైటీకి చెందిన ఒక పదహారేళ్ల కుర్రవాడు కథలు బాగోలేదని, వాటిని రాసినవారి ముఖం మీదే చెప్పాడు. ఆ కుర్రవాడే క్రిస్ చిబ్నల్. విమర్శించడం రాయడానికి తొలిమెట్టు అన్నమాట ఆయన విషయంలో అక్షరాలా నిజమైంది.

అసలు మలుపు 1991. ప్రసారం ఆగిపోయాక వర్జిన్ సంస్థ ‘న్యూ అడ్వెంచర్స్’ పేరుతో కొత్త నవలలు మొదలుపెట్టింది. సంపాదకులు పీటర్ డార్విల్ ఎవాన్స్ ఒక సాహసం చేశారు: ఏజెంటు లేకున్నా, ముందు ఏ పుస్తకమూ రాయకున్నా, ఎవరు పంపినా చదువుతామన్నారు. ఎలా రాయాలో చెప్పే సూచనల పత్రం కూడా తయారుచేసి అడిగినవారికి పంపారు. ఆ తొలి నాలుగు నవలల్లో రెండవది డిక్స్ రాసింది. నాలుగవది పాల్ కార్నెల్ అనే యువకుడి మొదటి నవల ‘రెవలేషన్’. దాని మూలకథ అంతకుముందు ఒక అభిమాన పత్రికలో వచ్చిందే. గురువూ, ఆయన పుస్తకాలు చదివి పెరిగిన పాఠకుడూ ఒకే ఏడాది ఒకే వరుసలో నిలబడ్డారు. మరుసటి ఏడాది మార్క్ గేటిస్ ‘నైట్‌షేడ్’ వచ్చింది. అప్పటికే టెలివిజన్ రంగంలో ఉన్న డేవిస్ కూడా 1996లో ‘డామేజ్డ్ గూడ్స్’ రాశారు.

1993లో సిడ్నీ నుంచి కేట్ ఆర్మన్ రాసిన ‘ది లెఫ్ట్ హాండెడ్ హమ్మింగ్‌బర్డ్’ వచ్చింది. ఆమెకూ కార్నెల్‌కూ మధ్య ఖండాల దూరం. అయినా 1995లో వచ్చిన కార్నెల్ నవల ‘హ్యూమన్ నేచర్’ కథాసంవిధానంలో ఆమెకు భాగముంది. ఆ సంగతి నవలలోనే నమోదైంది. డాక్టర్ తన జ్ఞాపకాలు పోగొట్టుకొని మొదటి ప్రపంచయుద్ధానికి ముందు ఒక ఆంగ్ల పాఠశాలలో ఉపాధ్యాయుడిగా, మామూలు మనిషిగా బతికే కథ అది. 2007లో కార్నెలే దాన్ని రెండు భాగాలుగా టెలివిజన్‌కు రాశారు. ఇద్దరు మిత్రులు ఉత్సాహం కొద్దీ అల్లుకున్న కథ, ఒక దేశం రాత్రి భోజనవేళ కూర్చుని చూసిన కథ అయింది.

ఈ బృందంలో ఎవరికి ఎవరు గురువు అని అడిగితే సమాధానం దొరకదు. కార్నెల్, మార్టిన్ డే, కీత్ టాపింగ్ ముగ్గురూ కలిసి 1995లో ‘ది డిస్‌కంటిన్యుయిటీ గైడ్’ రాశారు. నికలస్ బ్రిగ్స్, గారీ రసెల్ వంటివారు 1980లలో ‘ఆడియో విజువల్స్’ పేరుతో సొంతంగా శబ్దనాటకాలు తయారుచేసి క్యాసెట్లలో పంచుకున్నారు. అదే అనుభవంతో 1999లో బిగ్ ఫినిష్ సంస్థ తరఫున అనుమతి పొందిన నాటకాలు తీసుకొచ్చారు. ఆ నాటకాల్లో ఒకటైన రాబర్ట్ షియర్‌మన్ ‘జూబిలీ’ నుంచి పుట్టిందే 2005 నాటి ‘డాలెక్’ భాగం. తెలుగులో సాహితీ సమితితో దీనికి కొంత పోలిక ఉంది. కాని అక్కడ శివశంకరశాస్త్రి సభాపతిగా ఉన్నారు, ఇక్కడ సభాపతి లేడు.

బోధనాసుపత్రుల్లో పనిచేసినవారికి ఈ పద్ధతి కొత్తకాదు. సిర దొరకక చెమటలు కక్కుతున్న హౌస్ సర్జన్ పక్కన నిలబడి చూపించేది ప్రొఫెసరు కాదు, నిన్నమొన్నటి దాకా అదే తంటా పడిన పీజీ. తన చేయి ఎక్కడ తడబడిందో అతనికి ఇంకా గుర్తుంటుంది. ప్రొఫెసరు దాన్ని ఎప్పుడో మరచిపోయి ఉంటాడు. మొదటి నవల అచ్చయిన రచయిత, రెండేళ్ల కింద తనలాగే ఉన్న మిత్రుడికి చెప్పగలిగిన మాటలు మహారచయిత చెప్పలేకపోవచ్చు.

1990లలో ఈ సంభాషణ యూజ్‌నెట్ చర్చాబృందాలకు, అక్కడి నుంచి కథల భాండాగారాలకు మారింది. ప్రచురించే ముందు మిత్రుడి రాతను చదివి తప్పులెన్నేవారికి ‘బీటా రీడర్’ అన్న పేరు స్థిరపడింది. సాఫ్ట్‌వేర్ రంగం నుంచి అరువు తెచ్చుకున్న మాట. సెసీలియా ఆరగన్, కేటీ డేవిస్ 2019లో ప్రచురించిన ‘రైటర్స్ ఇన్ ది సీక్రెట్ గార్డెన్’ అనే పుస్తకంలో దీన్ని పంపిణీ అయిన శిష్యరికంగా వర్ణించారు. ఒక్కొక్క పాఠకుడు చెప్పేది రెండు మూడు వాక్యాలే. ఒకరు సంభాషణ బాగుందంటారు, మరొకరు మూడో ప్రకరణం సాగిందంటారు. అవన్నీ కలిస్తే ఒక మంచి గురువు చెప్పినంత అవుతుంది. ఎక్కువ స్పందనలు అందుకున్నవారి పదవైవిధ్యం పెరుగుతున్నట్టు కూడా వారికి కనిపించింది. వైద్యపరిశోధనల భాషలో ఇది సహసంబంధమే, కారణమని రుజువు కాలేదు. బాగా రాసేవారికే స్పందనలు ఎక్కువ వస్తాయి కూడా.

అయితే స్నేహం తెరిచే తలుపులే మరికొందరికి మూసుకుంటాయి. లండన్‌లో ఫిట్జ్‌రాయ్ టావర్న్ అనే పబ్బులో నెలకొకసారి, మొదటి గురువారం, అభిమానులూ రచయితలూ కలుసుకునేవారు. కొత్త నవలల కబురు, సంపాదకుల అవసరాలు అక్కడే తెలిసేవి. గురువారం రాత్రి లండన్ పబ్బుకు ఎవరు రాగలరు? డాక్టర్ పాత్రతో వర్జిన్ వేసిన 61 ‘న్యూ అడ్వెంచర్స్’ నవలల్లో స్త్రీ రచయిత కేట్ ఆర్మన్ ఒక్కరే. ఆమె కూడా ఆ పబ్బుకు పదివేల మైళ్ల దూరాన ఉన్నవారు. పునఃప్రారంభమైన ధారావాహికకు మొదటి స్త్రీ రచయిత హెలెన్ రేనర్ 2007లో గాని రాలేదు. శ్వేతేతర రచయితలు రావడానికి 2018 పట్టింది. ఆ ఏడాది మెలొరీ బ్లాక్‌మన్, చిబ్నల్‌తో కలిసి ‘రోజా’ రాశారు. వినయ్ పటేల్ దేశవిభజన నాటి కథ ‘డీమన్స్ ఆఫ్ ద పంజాబ్’ రాశారు. యాభై ఐదేళ్ల కిందట మొదటి కథను నడిపించినవాడు లక్నో మనిషి అయిన కార్యక్రమంలో ఇది చిన్న ఆలస్యం కాదు. ఎవరూ కుట్రపన్నలేదు. తెలిసినవారికి తెలిసినవారు చెప్పుకున్నారు, అంతే. బ్రిటన్‌లో ఉద్యోగాలు వెదుక్కున్న ఏ విదేశీ వైద్యుణ్ణి అడిగినా ఆ యంత్రాంగం ఎలా పనిచేస్తుందో వివరిస్తారు.

ఇంత దగ్గరితనంలో నిజం చెప్పగలరా అన్న సందేహానికి ఒక ఉదాహరణ ఉంది. 2007 ఫిబ్రవరి నుంచి డేవిస్, ‘డాక్టర్ హూ మ్యాగజైన్’లో రాసే యువకుడైన బెంజమిన్ కుక్, ఇద్దరూ ఈమెయిళ్లు రాసుకున్నారు. ఆ ఉత్తరాలే 2008లో ‘ది రైటర్స్ టేల్’ పుస్తకమయ్యాయి. భయాలు, అర్ధరాత్రి దాటినా కదలని కలం, గడువు ముంచుకొచ్చాక మొదలయ్యే రాత, అన్నీ అందులో ఉన్నాయి. ‘జర్నీస్ ఎండ్’ భాగం చివర డాక్టర్ ఓడలోకి సైబర్‌మెన్ హఠాత్తుగా చొరబడే దృశ్యాన్ని డేవిస్ రాశారు. తరువాతి క్రిస్మస్ కథకు అది ముడి. కుక్ చదివి, అది వద్దన్నారు. దుఃఖం మీద ముగియవలసిన కథను ఆ మెరుపు పాడుచేస్తుందన్నది ఆయన అభ్యంతరం. దేశంలో అత్యంత ప్రసిద్ధుడైన టెలివిజన్ రచయితకు ఉద్యోగరీత్యా ఏ అధికారమూ లేని ఒక విలేకరి చెప్పిన మాట అది. డేవిస్ ఆ దృశ్యాన్ని తీసేశారు. 2008 జూలై 5న ప్రసారమైన భాగం, వానలో తడిసిన డాక్టర్ తన ఓడలో ఒంటరిగా నిలబడి ఉండగా ముగుస్తుంది.