ప్లగ్గుకు ముద్ర, ప్రోగ్రాముకు నమ్మకం

మలేషియా జాతీయ ప్రమాణాల్లో ఒకటో నంబరుది, అంటే 'ఎంఎస్ 1', దేనికో తెలుసా? సిమెంటుకో ఉక్కుకో అనుకుంటాం. మోటారుసైకిల్ హెల్మెట్‌కి! ప్రమాణాలను పరీక్షించే సిరిమ్ సంస్థ ముద్ర లేని హెల్మెట్‌ను అక్కడ అమ్మకూడదు. మూడు పిన్నుల ప్లగ్గుకు ముద్ర ఉండాలి, ఇస్త్రీపెట్టెకు ఉండాలి, పిల్లలాడుకునే బొమ్మకూ ఉండాలి. వైఫై రూటర్ డబ్బా మీద కూడా ఒక ముద్ర కనిపిస్తుంది. రేడియో తరంగాలు, విద్యుత్ భద్రతల్లాంటి పరీక్షలు నెగ్గిందని దాని అర్థం.

లోపల నడిచే సాఫ్ట్‌వేర్ సంగతి వేరు. దాన్ని వాడబోయే ముందు మనం చదవకుండానే 'అంగీకరిస్తున్నాను' అని నొక్కే పత్రం ఒకటుంటుంది. 'ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, నష్టం జరిగితే మా పూచీ లేదు' అన్నది అలాంటి పత్రాల్లో చాలావాటి సారాంశం. ఇస్త్రీపెట్టె మీద అలా రాసి అమ్మితే కొట్టువాడిని వీధిలో నిలబెట్టి అడుగుతాం.

ఒకేసారి రెండు హెచ్చరికలు

ఆస్ట్రేలియాలో పిల్లల దగ్గరికి వెళ్లే మనవాళ్లలో చాలామంది కౌలాలంపూర్‌లో విమానం మారతారు. 2005 ఆగస్టు 1న మలేషియా ఎయిర్‌లైన్స్ వారి ఎంహెచ్ 124 పెర్త్‌లో లేచి కౌలాలంపూర్ దారి పట్టింది. బోయింగ్ 777 అది. దాదాపు 38 వేల అడుగుల ఎత్తుకు చేరేసరికి పైలట్ల ముందున్న తెర మీద రెండు హెచ్చరికలు ఒక్కసారే వచ్చాయి. వేగం మరీ తగ్గిపోయిందని ఒకటి, మరీ పెరిగిపోయిందని ఇంకొకటి. రెండూ ఒకేసారి నిజం కావడానికి వీల్లేదు. ఆటోపైలట్‌కు ఆ వివేచన ఉండదు కదా, అందిన లెక్కను నమ్మి ముక్కు పైకెత్తేసింది. విమానం సుమారు 41 వేల అడుగులకు ఎగబాకింది, వేగం 270 నాట్ల నుంచి 158కి పడిపోయింది. ఇక గాలిలో నిలవలేదన్న హెచ్చరిక కూడా మోగింది. పైలట్లు ఆటోపైలట్‌ను పక్కనపెట్టి, వెనక్కి తిప్పి పెర్త్‌లోనే దించారు. ఎవరికీ గాయం కాలేదు.

ఆస్ట్రేలియా రవాణా భద్రతా బ్యూరో దర్యాప్తు మొదలుపెట్టి 2007లో నివేదిక ఇచ్చింది. విమానం కదలికలను కొలిచే పరికరంలో త్వరణం పట్టే సెన్సర్లు ఆరు ఉంటాయి. వాటిలో ఐదోది 2001 జూన్‌లోనే చెడిపోయింది. మిగతావి ఉన్నాయి కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్ని వదిలేసి పని నడుపుకుంది. అలా నడిచేలాగే దాన్ని తయారుచేశారు కూడా. నాలుగేళ్ల తర్వాత, ఈ ప్రయాణంలో, ఆరోది కూడా పోయింది. సాఫ్ట్‌వేర్ ఆరోదాన్ని తప్పించి, ఎప్పుడో వెలివేసిన ఐదోదాన్ని మళ్లీ నమ్మడం మొదలుపెట్టింది! ఐదోది చెడిందన్న సంగతి దాని జ్ఞాపకంలో ఉంది. ఒక లోపం వల్ల ఆ జ్ఞాపకం అక్కరకు రాలేదు.

నన్నడిగితే ఈ వ్యాసం మొత్తంలో తలకెక్కించుకోవాల్సిన ఉదంతం ఇదే. విమాన సాఫ్ట్‌వేర్‌కు ప్రమాణాలు లేక ఇలా జరగలేదు. తయారీలో అడుగడుగునా ఏం రాశారో, ఎలా పరీక్షించారో కాగితం మీద చూపనిదే దానికి ఎగిరే అనుమతి దొరకదు. అన్ని పరీక్షలూ దాటుకుని కూడా ఆ లోపం ఏళ్ల తరబడి లోపలే కూర్చుంది. అందుకే, ప్రమాణాలు పెడితే తప్పులు ఆగుతాయా అని వాదించేవారికి ఎంహెచ్ 124 మంచి ఆయుధం. కానీ తర్వాతి కథ కూడా చెప్పాలి. నెల తిరక్కముందే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ అత్యవసర ఆదేశం ఇచ్చింది: 777లు నడిపేవాళ్లంతా ఆ పరికరంలో సరైన సాఫ్ట్‌వేర్ వేసుకోవాల్సిందేనని. ఏం జరిగిందో అమ్మినవాడు కాక, బయటివాడు తవ్వి తీశాడు. ఆ నివేదికను ఈ రోజు ఎవరైనా చదువుకోవచ్చు. నిర్బంధం వల్ల దక్కేది ఇది. ముద్ర ఉంటే తప్పు జరగదని కాదు. జరిగాక తప్పించుకునే దారి ఉండదని.

రాసేవాడికే లైసెన్సు?

1996లో మలేషియాలో అప్పటి ప్రధాని మహాతిర్ ప్రభుత్వం మల్టీమీడియా సూపర్ కారిడార్ అనే ఐటీ ప్రాజెక్టు మొదలుపెట్టింది. సైబర్‌జయ నగరం దాని కడుపున పుట్టిందే. అదే ఊపులో, 1998లో, మన హైదరాబాద్‌లో హైటెక్ సిటీ తెరుచుకుంది. తర్వాత సత్యం కంప్యూటర్స్ సైబర్‌జయలో కేంద్రమే పెట్టుకుంది.

ఇంత ఐటీ పిచ్చి ఉన్న దేశం 2011 డిసెంబరులో ఒక వింత ముసాయిదా బయటపెట్టింది. డాక్టర్లకు, ఇంజనీర్లకు ఉన్నట్టే కంప్యూటర్ నిపుణులకూ ఒక బోర్డు. కీలక వ్యవస్థల మీద పనిచేయాలంటే ఆ బోర్డులో పేరు నమోదై ఉండాలి. ముసాయిదా బయటికి రాగానే ప్రోగ్రామర్లు భగ్గుమన్నారు. డిగ్రీ లేకుండా సొంతంగా నేర్చుకున్నవాళ్ల గతేమిటన్నారు. బిల్లు అటకెక్కింది, మంచిదే అయింది. ముద్ర సరుకు మీద వేయాలి గానీ మనిషి నుదుటి మీద కాదు. సర్టిఫికెట్లు గోడ నిండా ఉన్నవాళ్లు రాసిన కోడ్‌లోనూ కన్నాలుంటాయి.

బ్యాంకుకు గడియారం

మలేషియాలో సాఫ్ట్‌వేర్ మీద కచ్చితమైన అంకె పెట్టిన నిబంధన చూడాలంటే బ్యాంకుల దగ్గరికి వెళ్లాలి. కేంద్ర బ్యాంకు బ్యాంక్ నెగారా 2020 జనవరి 1 నుంచి సాంకేతిక ముప్పుల మీద ఒక విధానం అమలు చేస్తోంది. దాని ప్రకారం, కీలక వ్యవస్థ చెప్పాపెట్టకుండా ఆగిపోతే ఒక్కోసారికి 120 నిమిషాలు మించకూడదు. ఖాతాదారుడికి తగిలే ఆగుళ్లన్నీ కలిపినా, వరసగా ఏ 12 నెలలు చూసినా, 4 గంటలు దాటకూడదు. 'సర్వర్ డౌన్ అండీ, రేపు రండి' అన్న మాటకు లెక్క కట్టిన నిబంధన ఇది!

ఈ పట్టింపుకు కారణాలున్నాయి. బ్యాంకులు సొమ్ము బదిలీకి వాడే స్విఫ్ట్ వ్యవస్థలో దొంగ సందేశాలు పంపిన దాడిలో 2016లో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు 8.1 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. 2018 మార్చిలో అలాంటి సందేశాలతోనే బ్యాంక్ నెగారా సొమ్మునే లాగబోయారు. పట్టుకున్నారు, పైసా పోలేదు. 2022 సెప్టెంబరులో, ఎస్ఎమ్ఎస్‌లో వచ్చే ఓటీపీని వదిలించుకోండని కూడా బ్యాంక్ నెగారా బ్యాంకులకు చెప్పింది.

ఆరు గంటలు

2024 ఆగస్టు 26న సైబర్ సెక్యూరిటీ చట్టం, 854వ నంబరుది, అమల్లోకి వచ్చింది. విద్యుత్తు, నీరు, రవాణా, ఆరోగ్యం, బ్యాంకింగ్ వంటి 11 రంగాల్లోని కీలక వ్యవస్థలకు ఇది వర్తిస్తుంది. దాడి జరిగినట్టు తెలిసిన 6 గంటల్లో మొదటి కబురు అందాలి, 14 రోజుల్లో పూర్తి వివరం ఇవ్వాలి. ఏడాదికోసారి ముప్పు అంచనా, రెండేళ్లకోసారి ఆడిట్. కబురు చెప్పకుండా దాస్తే 5 లక్షల రింగిట్ల దాకా జరిమానా, లేదా పదేళ్ల దాకా జైలు, లేదా రెండూ.

కరకుగానే ఉంది. కానీ ఎవరి మీద? ఆసుపత్రి మీద, విద్యుత్ సంస్థ మీద, రైలు నడిపేవారి మీద. అంటే కొనుక్కున్నవాడి మీద. ఆ సాఫ్ట్‌వేర్ రాసి అమ్మినవాడికి ఇందులో నేరుగా చెప్పింది లేదు. దాడి పరీక్షలు చేసేవాళ్లకు, భద్రతా నిఘా సేవలు అమ్మేవాళ్లకు లైసెన్సు పెట్టారు. కన్నాలున్న ప్రోగ్రాము అమ్మినవాడికి పెట్టలేదు. ఇంకో తిరకాసు: చట్టం ప్రభుత్వానికీ వర్తిస్తుందని రాసి, ఆ వెంటనే ప్రభుత్వాన్ని మాత్రం ప్రాసిక్యూట్ చేయడానికి వీల్లేదని రాశారు.

ఈ అలవాటు పాతదే. 2010 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలను మొదట్లోనే మినహాయించింది. 2024 సవరణలో గరిష్ఠ జరిమానాను 3 లక్షల రింగిట్ల నుంచి 10 లక్షలకు పెంచారు గానీ ఆ మినహాయింపు జోలికి పోలేదు.

పోనీ సర్కారు సాఫ్ట్‌వేర్ ఏమన్నా పులు కడిగిన ముత్యమా? కోవిడ్ కాలంలో దేశం మొత్తం వాడిన మైసెజహ్‌తెరా యాప్‌లో, ఒక 'సూపర్ అడ్మిన్' ఖాతా నుంచి 30 లక్షల మంది టీకా వివరాలు దించుకున్నారని ఆడిటర్ జనరల్ నివేదికే 2023లో బయటపెట్టింది. 2024 జనవరి 2న పౌరుల వివరాల కోసం 'పాడు' అనే జాతీయ వేదిక మొదలైంది. పేరు చూసి నవ్వకండి, అది మలయ్ పేరుకు పొట్టిరూపం. మొదలైన రోజుల్లోనే, గుర్తింపు కార్డు నంబరు తెలిస్తే మరొకరి పేరున దూరిపోవచ్చని బయటివాళ్లు చూపించారు. అప్పటికప్పుడు సరిచేశారు. నిర్బంధ పరీక్ష ఒకటి ముందే ఉంటే ఆ పని మొదలుకు ముందు జరిగేది.

2017 అక్టోబరులో బయటపడిన ఫోన్ వినియోగదారుల లీకు సంగతి సరేసరి: 4.62 కోట్ల నంబర్లు, పేర్లతో, చిరునామాలతో సహా. దేశ జనాభా అప్పటికి మూడు కోట్ల పైచిలుకే.

మంత్రి చేసిన విన్నపం

సైబర్ సెక్యూరిటీ చట్టం అమలుకు నెల ముందు, 2024 జులై 19న, క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలను పడుకోబెట్టింది. భద్రత కోసం కొన్న సాఫ్ట్‌వేరే ఆ పని చేయడం అసలు విడ్డూరం. మలేషియాలో ఐదు ప్రభుత్వ సంస్థలు, తొమ్మిది కంపెనీలు దెబ్బతిన్నాయి. డిజిటల్ శాఖ మంత్రి గోబింద్ సింగ్ దేవ్ మైక్రోసాఫ్ట్, క్రౌడ్‌స్ట్రైక్ ప్రతినిధులతో మాట్లాడి, నష్టపోయినవారికి పరిహారం ఇచ్చే విషయం ఆలోచించమని కోరారు. గమనించండి: కోరారు. అంతకు మించి అనడానికి ఆయన చేతిలో ఏ నిబంధనా లేదు.

వ్యవస్థలు ఆగితే ఎలా ఉంటుందో అక్కడివాళ్లకు కొత్త కాదు. కౌలాలంపూర్ విమానాశ్రయంలో 2019 ఆగస్టులో నెట్‌వర్క్ కుప్పకూలినప్పుడు సిబ్బంది విమానాల వేళలు తెల్లబోర్డు మీద మార్కర్‌తో రాశారు. 2025 మార్చిలో అదే విమానాశ్రయ వ్యవస్థల మీద సైబర్ దాడి చేసినవాళ్లు కోటి డాలర్లు అడిగారు. కుదరదనడానికి ఐదు సెకన్లు కూడా పట్టలేదన్నారు ప్రధాని అన్వర్ ఇబ్రహీం.

మన ఇంట్లో చూస్తే

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు మరచిపోగలమా? తెలుగులో సున్నా వచ్చిన ఒక అమ్మాయికి తిరిగి చూస్తే 99 మార్కులు. దిద్దినవారు వృత్తాలు నింపడంలో పొరబడ్డారట. అన్నిట్లో మంచి మార్కులున్న పిల్లకు ఒక్కదాంట్లో సున్నా కనిపిస్తే ఆగి, 'ఇది సరిచూడండి' అనే చిన్న తనిఖీ ప్రోగ్రాములో ఉండొద్దా? లక్షల మంది పిల్లల భవిష్యత్తు మోసే సాఫ్ట్‌వేర్‌ను వాడుకలోకి దించే ముందు బయటివాళ్ల చేత పరీక్షించి తీరాలన్న నిబంధన ఉంటే ఆ ప్రశ్న ముందే వచ్చేది. ప్రభుత్వం వేసిన త్రిసభ్య కమిటీ లోపాలన్నీ వెతికి చెప్పింది. అప్పటికే కొన్ని ఇళ్లలో పిల్లలు లేరు.

పరీక్షించే చేతులున్నాయి

సాఫ్ట్‌వేర్‌ను ముందే పరీక్షించే పని మలేషియాకు చేతకాక ఆగిందనుకోవద్దు. కామన్ క్రైటీరియా అని, సాఫ్ట్‌వేర్, హార్డ్‌వేర్‌ల భద్రతను తూచే అంతర్జాతీయ పద్ధతి ఒకటుంది. ఇతరులిచ్చిన పత్రాన్ని ఒప్పుకునే దేశంగా 2007లో అందులో చేరిన మలేషియా, 2011 నుంచి తానే పత్రం ఇచ్చే దేశమైంది. సైబర్ సెక్యూరిటీ మలేషియా అనే ప్రభుత్వ సంస్థ ఆ పని చూస్తుంది. కావాలనుకున్న కంపెనీ వెళ్లి పరీక్ష చేయించుకుంటుంది, వద్దనుకున్నది మానేస్తుంది.

పక్కనున్న సింగపూర్ 2020లో ఇంటి పరికరాలకు సైబర్ భద్రతా లేబుల్ తెచ్చి, వైఫై రూటర్లకు కనీస స్థాయిని తప్పనిసరి చేసింది. బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి, ఊహించడానికి వీలైన డిఫాల్ట్ పాస్‌వర్డ్‌తో ఇంటర్నెట్ పరికరాలు అమ్మకూడదంది. ఐరోపా సమాఖ్య అందరికన్నా దూరం వెళ్లింది. సైబర్ రెజిలియెన్స్ చట్టమని ఒకటి చేసి, అక్కడ అమ్మే డిజిటల్ సరుకుకు భద్రత చూపే బాధ్యతను తయారుచేసినవాడి మీదే పెట్టింది. లోపాన్ని ఎవరో వాడుకుంటున్నారని తెలిస్తే 2026 సెప్టెంబర్ 11 నుంచి కబురు చెప్పాలి. మిగతా నిబంధనల్లో చాలావరకు 2027 డిసెంబర్ 11 నుంచి. తప్పితే జరిమానా 1.5 కోట్ల యూరోలు లేదా ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 2.5 శాతం, ఏది ఎక్కువైతే అంతవరకు.

మలేషియాలోని పెనాంగ్‌లో ఐరోపా కోసం పరికరాలు తయారుచేసే ఫ్యాక్టరీలకు ఆ తేదీలు వర్తిస్తాయి. అదే పెట్టెను ఇపోలోనో జోహోర్‌లోనో దుకాణంలో పెట్టి అమ్మితే వర్తించవు.