పాట ఎంత వినిపించవలెను?

స్టీరియో కొనువారు స్పీకర్ల పరిమాణమును విచారింతురు, వాట్లను విచారింతురు, తుదకు పెట్టె రంగును సైతము విచారింతురు. ఇంటికి తెచ్చిన పిదప వాల్యూము మీటను ఎంతవరకు త్రిప్పవలెనను ప్రశ్న మాత్రము పెక్కుమందికి తోచదు. గట్టిగా మ్రోగినదే మంచి యంత్రమని లోకమున నొక నమ్మకము పాతుకొనిపోయినది. రెండు స్పీకర్లను ఒకదాని వెంట నొకటి వినిపించినచో, కొంచెము హెచ్చుగా మ్రోగినదానినే మన చెవి మేలైనదిగా నెంచును. అంగడివారికి ఈ రహస్యము తెలియనిది కాదు.

దీనికి కారణము చెవి స్వభావములోనే కలదు. ధ్వని సన్నగిల్లిన కొలదియు చెవి మంద్రస్వరములను మరింత తక్కువగా గ్రహించునని 1933లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు ఫ్లెచర్, మన్‌సన్ అనువారు కొలిచి చూపిరి. తక్కువ ధ్వనిలో మృదంగము డొల్లగాను, తంబుర పీలగాను వినిపించుట యంత్రదోషము కాదు. పాత ఆంప్లిఫయర్లపై ‘లౌడ్‌నెస్’ అను బొత్తాము ఇందులకే యుండెడిది. స్వల్పధ్వనిలో మంద్రమును కొంత పెంచుట దాని పని.

‘అట్లయిన హెచ్చుగా వినుటయే మేలు కదా’ యని విద్యార్థి యెవడైన అడుగవచ్చును. కాదు. ప్రతి వాద్యమునకును తనదైన గొంతు కలదు. వీణ గదిలో కూర్చున్న పదిమందికి వినిపించు వాద్యము. నాదస్వరము దేవుని ఊరేగింపులో వీధి యంతయు నిండు వాద్యము. ఈమని శంకరశాస్త్రి వీణను, షేక్ చినమౌలానా నాదస్వరమును మీట కదపక ఒకే స్థాయిలో వినుట రెంటిలో నొకదానికి అన్యాయము చేయుటయే. వీణను హెచ్చించిన కొలదియు తీగపై వ్రేలి రాపిడి ముందునకు వచ్చి, గమకము వెనుకబడును. వాద్యము గోడయంత పెరిగినట్లుండును. నాదస్వరమును దాని నిజస్థాయిలో ఇంట వినదలచినచో ఇరుగుపొరుగు వారు ఊరకుండరు. వీధి చివర నిలిచి వినుచున్నట్లు తోచిన చాలును.

మీటను అడుగునుండి మెల్లగా త్రిప్పుచు, గాయకుడు మన యెదుట చాపపై కూర్చుండి పాడుచున్నట్లు తోచినచోట ఆపవలెను. పిమ్మట ప్రక్కవారితో మామూలు గొంతున నొక మాట చెప్పి చూడవలెను. మామూలు సంభాషణ మీటరు దూరమున సుమారు 60 డెసిబెళ్లు. ఆ మాట అందనిచో పాట హెచ్చినదన్నమాట. మీటపైనున్న అంకెలను నమ్మరాదు. ఒక యంత్రమున 5 అనునది మరియొక యంత్రమున 8 కావచ్చును.

వాట్ల మోజును గూర్చి ఒక్క మాట. సామాన్యమైన స్పీకరు 1 వాట్ శక్తితోనే మీటరు దూరమున 85 మొదలు 90 డెసిబెళ్ల వరకు మ్రోగును. శక్తిని రెట్టింపు చేసిన పెరుగునది 3 డెసిబెళ్లే. చెవికి రెట్టింపుగా తోచుటకు దాదాపు పదిరెట్ల శక్తి కావలెను. 50 వాట్లకు బదులు 100 వాట్లు కొన్నవానికి కలిగిన లాభము మిక్కిలి స్వల్పము.

నష్టము స్వల్పము కాదు. లోపలి చెవిలో ధ్వనిని గ్రహించు రోమకణములు సుమారు 15,000. మనుష్యులలో అవి నశించినచో మరల మొలవవు. చెవికి తగిలించుకొను పరికరముల కొరకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పాలుపంచుకొని 2019లో వెలువరించిన ప్రమాణమున పెద్దలకు 80 డెసిబెళ్ల వద్ద వారమునకు 40 గంటలు, పిల్లలకు 75 వద్ద 40 గంటలు హద్దు. ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకు కాలము సగమగును. పెద్దలకైనను 89 వద్ద మిగులునది 5 గంటలే. ధ్వని స్పీకరునుండి వచ్చినను చెవికి భేదము లేదు. ఈ చెరుపు మొదట తాకునది హెచ్చు పౌనఃపున్యములను. స, ష వంటి అక్షరముల స్పష్టత యంతయు వానిలోనే కలదు. మాట వినబడును, అక్షరము తెలియదు. డిక్టేషనులో తప్పులు వ్రాయు బాలుని అశ్రద్ధకై దండించుటకు ముందు ఉపాధ్యాయులు ఈ సంగతిని తలచుట మంచిది.

గట్టిధ్వనిని గంటసేపు విన్న చెవి తాత్కాలికముగా మొద్దుబారును. అప్పుడు చేయి తనంతట మీటను మరికొంత త్రిప్పును. రాత్రి హాయిగా తోచిన స్థాయిని కదపక మరునాటి ఉదయము విన్నచో ఉలిక్కిపడుట తప్పదు.

మన దేశమున 2000లో వచ్చిన ధ్వని కాలుష్య నియమములు నివాసప్రాంతములకు పగలు 55, రాత్రి 10 మొదలు ఉదయము 6 వరకు 45 డెసిబెళ్లను పరిమితిగా విధించినవి. మంద్రస్వరములు గోడలను సులభముగా దాటును. పరీక్షకు చదువుకొను పొరుగింటి పిల్లకు పాట వినబడదు, మృదంగపు దెబ్బలే వినబడును. రాత్రివేళ లౌడ్‌నెస్ బొత్తామును ఆపి, స్పీకరును ఉమ్మడి గోడకు దూరముగా జరిపి, వినువాడు దానికి చేరువగా కూర్చుండవలెను. దూరము సగమైనచో ఆరుబయట 6 డెసిబెళ్లు, గదిలో అంతకు కొంత తక్కువ, మీట త్రిప్పకయే కలిసివచ్చును.