గిటారుకి పికప్ మనమే బిగించుకోవడం ఎలా?

వార్షికోత్సవం రోజున మైక్ సెట్ ఆయన తెచ్చేది సాధారణంగా రెండే మైకులు. ఒకటి పాడేవాళ్ళకి, ఒకటి తబలాకి. గిటారు వాయించే తమ్ముడు పాడేవాడి పక్కన చేరి, మైకు వైపు వంగి వాయిస్తాడు. సౌండు పెంచితే స్పీకరు కుయ్యిమంటుంది. తగ్గిస్తే చివరి వరుసకి గిటారు వినపడదు. స్పీకరులోంచి వచ్చిన శబ్దం మళ్ళీ మైకులోకే దూరి తిరుగుతుండటమే ఆ కూతకు కారణం. పికప్ గాలిలోని శబ్దాన్ని కాక చెక్క కంపనాన్ని పట్టుకుంటుంది కాబట్టి ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

వాయిద్యానికి కరెంటు తగిలించడం మనవాళ్ళకి కొత్త కాదు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ మీదే కర్ణాటక సంగీతం వాయించారు. నాలుగు జంట తీగెల బదులు ఐదు ఒంటి తీగెలు పెట్టుకున్నారు.

మనకి కావలసింది పీజో బిళ్ళ. పసుపు రంగు ఇత్తడి రేకు మీద తెల్లటి పింగాణీ లాంటి పొర ఉంటుంది. పాట పాడే గ్రీటింగ్ కార్డుల్లో, అలారం గడియారాల్లో చూసే ఉంటారు. వత్తిడి పడితే కొన్ని పదార్థాల్లో విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. ఈ బిళ్ళ చేసేది అదే పని. 27 మిల్లీమీటర్ల సైజు బాగుంటుంది. దాంతోపాటు షీల్డు వైరు, పావంగుళం జాక్, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు.

షీల్డు వైరులోని లోపలి తీగ తెల్ల పొరకి, చుట్టూ ఉన్న జాలీ ఇత్తడి రేకుకి అతకాలి. తారుమారైతే గుయ్యిమనే హమ్ వస్తుంది. జాక్ దగ్గర కూడా జాలీ బయటి లోహానికే పోవాలి. తెల్ల పొర మీద ఐరన్ రెండు మూడు సెకన్లకి మించి ఆనించకండి. నేను మొదట రెండు బిళ్ళలు మాడ్చాను. అందుకే నాలుగు కొనుక్కోమంటాను.

వెంటనే లోపల అతికించెయ్యకండి. ముందు పైన బ్రిడ్జి దగ్గర టేపుతో పెట్టి, వాయిస్తూ జరుపుతూ వినండి. లావు తీగెల వైపు జరిపితే బొంయ్ మంటుంది, సన్న తీగెల వైపు కీచుమంటుంది. మధ్యలో ఎక్కడో మంచి చోటు దొరుకుతుంది. తరువాత తీగెలు వదులు చేసి, రంధ్రంలోంచి చెయ్యి పెట్టి, లోపల సరిగ్గా ఆ చోటు కింద పల్చటి డబుల్ సైడెడ్ టేపుతో గట్టిగా అతికించాలి. మెత్తటి ఫోమ్ టేపు కంపనాన్ని మింగేస్తుంది. మన చేతులు పట్టవు, ఆరో తరగతి తమ్ముణ్ణి పిలవండి!

జాక్‌కి గిటారు అడుగున సుమారు 12 మిల్లీమీటర్ల రంధ్రం చెయ్యాలి. ఇక్కడే భయం. డ్రిల్లు ఒక్కసారిగా దింపితే చెక్క చీలుతుంది. ఉన్న పిన్ను రంధ్రాన్నే గుండ్రటి ఆకురాయితో ఓపిగ్గా పెంచాలి. హాస్టల్‌కి గిటారు ఒక్కటే అయితే నా మాట విని అసలు రంధ్రం జోలికి పోకండి. వైరుని మధ్య రంధ్రంలోంచే బయటికి తెచ్చి, జాక్‌ని బెల్టుకి కట్టెయ్యండి. అందం తక్కువైనా గిటారు మిగులుతుంది.

మిక్సరు మైకు పాయింటులో నేరుగా పెడితే రేకు డబ్బా మోతలా పల్చగా వినిపిస్తుంది. పీజోకి సుమారు ఒక మెగా ఓమ్ ఇన్‌పుట్ కావాలి, మైకు పాయింటులో ఉండేది కొన్ని వేల ఓములే. గిటారు ఆంప్లిఫయరు దొరికితే సరే, లేకపోతే మధ్యలో 9 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న ప్రీ ఆంప్ పెట్టాలి. బిళ్ళ నుంచి ప్రీ ఆంప్ దాకా వైరు పొట్టిగా ఉంచండి.

ఒక్క జాగ్రత్త. జాక్ లోహం తాకినప్పుడు వేళ్ళు చిమచిమలాడితే సెట్‌కి ఎర్తింగు సరిగా లేదన్నమాట. వాయించడం ఆపి, మైక్ సెట్ ఆయన్ని పిలిచి, అది సరిచేసేదాకా గిటారు ముట్టుకోకండి.