వచ్చినవాళ్లని ఉండనివ్వాలా?

మన సోషల్ పుస్తకంలో "కాందిశీకులు" అనే మాట ఉంది. ఆ మాట పలకడమే కష్టం, అర్థం ఇంకా కష్టం అని మా గదిలో అందరూ అన్నారు. అందుకని నాకు తెలిసింది, లైబ్రరీలో చదివింది, సార్లని అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

కాందిశీకులన్నా శరణార్థులన్నా ఒకటే. సొంత ఊళ్లో ఉంటే ప్రాణం దక్కదని వేరే చోటుకి పారిపోయి వచ్చినవాళ్లు. కూలికి వలస వెళ్లడం వేరు. కూలికి వెళ్లినవాళ్లు కోతలు అయిపోయాక ఇంటికి వచ్చేస్తారు. కాందిశీకులకి వెనక్కి వెళ్లే దారి ఉండదు. మన తెలుగువాళ్లు కూడా ఒకప్పుడు కాందిశీకులే. 1942లో జపాను సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు రంగూనులో కూలి చేసుకునే తెలుగువాళ్లు వేలమంది కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. దారిలో ఎంతోమంది చనిపోయారు. 1964 తర్వాత మళ్లీ కొంతమంది వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అని ఇప్పటికీ పిలిచే చోటు వాళ్లదే.

ఇలా వచ్చినవాళ్లని ఉండనివ్వాలా, పొమ్మనాలా అని ప్రతి దేశంలోనూ వాదన జరుగుతుంది. కానీ ఆ వాదన జనం చెవిన పడాలంటే ఒక్కోసారి ఒక పసిపిల్లవాడు చనిపోవాల్సి వస్తుంది.

2015 సెప్టెంబరు 2న తుర్కీ దేశంలో బోడ్రం దగ్గర సముద్రం ఒడ్డున అలన్ కుర్దీ అనే పిల్లవాడి శవం దొరికింది. రెండు మూడేళ్ల వాడు. ఎర్ర చొక్కా, నీలం లాగు, కాళ్లకి బూట్లు. మొహం ఇసుకలో పెట్టి నిద్రపోతున్నట్టు ఉన్నాడు. వాళ్లది సిరియాలోని కొబానీ ఊరు. అక్కడ యుద్ధం. ఎదురుగా కనిపించే గ్రీసు దేశపు కోస్ దీవికి చిన్న పడవలో బయల్దేరారు. దూరం నాలుగైదు కిలోమీటర్లే. మా గిలకలదిండి రేవు నుంచి మొగ దాటి వేటకి పోయే పడవలు దానికన్నా ఎంతో దూరం పోతాయి. అయినా ఆ పడవ తిరగబడింది. తల్లి, అన్న కూడా పోయారు. తండ్రి ఒక్కడే మిగిలాడు.

ఆ ఫోటో అన్ని దేశాల పత్రికల్లో వచ్చింది. అంతకుముందు కాందిశీకులు వద్దు వద్దు అన్నవాళ్లు కూడా కొన్నాళ్లు నోరు మూసుకున్నారు. బ్రిటన్ ప్రధానమంత్రి 2020 లోపల 20 వేలమంది సిరియావాళ్లని తీసుకుంటామన్నాడు. కెనడాలో అప్పుడే ఎన్నికలు. కొత్తగా గెలిచిన ప్రభుత్వం 25 వేలమందిని రానిచ్చింది. జర్మనీకి ఆ ఒక్క సంవత్సరంలోనే దగ్గర దగ్గర 9 లక్షలమంది చేరారు.

తర్వాత నవంబరు 13న పారిస్‌లో ఉగ్రవాదులు 130 మందిని చంపారు. చంపినవాళ్లలో ఎక్కువమంది ఫ్రాన్సులో, బెల్జియంలో పుట్టి పెరిగినవాళ్లే. ఒకరిద్దరు కాందిశీకుల గుంపులో కలిసి వచ్చారని తెలిసింది. అంతే, గాలి మారిపోయింది. 2016 మార్చిలో యూరపు దేశాలు తుర్కీతో ఒప్పందం రాసుకుని, గ్రీసు దీవులకి కొత్తగా వచ్చినవాళ్లని వెనక్కి పంపుతామన్నాయి. పిల్లవాడు చనిపోయి అప్పటికి ఏడు నెలలు కూడా కాలేదు.

ఇదంతా ఎక్కడో సంగతి అనుకుంటున్నారేమో. మన గోదావరి పక్కన కూడా ఇదే వాదన ఉంది. గొత్తికోయల గురించి పేపర్లో చదివే ఉంటారు. వాళ్లది ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు అడవి. మురియా అనీ, కోయ అనీ తమని తాము చెప్పుకుంటారు. 2005లో అక్కడ సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టుల మీదికి ఆదివాసీలనే ఆయుధాలిచ్చి ఎగదోశారు. ఒక పక్క వీళ్లు, ఒక పక్క వాళ్లు. ఏ పక్క చేరినా చావే. ఆరు వందలకి పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. వాళ్లలో వేలమంది గోదావరి, శబరి నదుల పక్క అడవుల్లోకి, అంటే అప్పటి ఖమ్మం, వరంగల్, తూర్పు గోదావరి జిల్లాల్లోకి వచ్చి గుడిసెలు వేసుకున్నారు. 2011లో సుప్రీంకోర్టు, అలా ఆదివాసీ కుర్రాళ్లకి తుపాకులివ్వడం రాజ్యాంగానికి విరుద్ధం అని తీర్పు ఇచ్చింది. అప్పటికి ఇక్కడ పుట్టిన పిల్లలు నడక నేర్చుకుని పరిగెత్తుతున్నారు.

వాళ్లు ఉండకూడదనేవాళ్ల మాట కూడా వినాలి. పోడు కోసం అడవి నరుకుతున్నారని అటవీశాఖ అంటుంది. అది అబద్ధం కాదు. పోడు కొట్టకపోతే వాళ్లు తినేదేమిటి అన్నది వేరే ప్రశ్న. మా భూమికీ, మా ఉద్యోగాలకీ వీళ్లు పోటీ వస్తారని ఇక్కడి కోయల్లోనే కొంతమంది అంటారు. వాళ్లూ మనలాంటి ఆదివాసీలే, వాళ్లకి ఉన్నదే కొంచెం. మా తాతకి ఈ సంగతి చెప్తే "రేవులోకి కొత్త వల వస్తే పాత వలకి చేప తగ్గుద్ది గదే" అన్నాడు. దానికి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. 2017 సెప్టెంబరులో తాడ్వాయి అడవిలో జలగలంచ అనే చోట అటవీశాఖ వాళ్ల గుడిసెలు కూల్చేసింది.

ఇప్పుడు రెండు చావుల గురించి చెప్తాను.

మొదటిది జమ్లో. పన్నెండేళ్ల ఆదివాసీ పిల్ల, బస్తరులోని బీజాపూర్ జిల్లా. ఆమె కాందిశీకురాలు కాదు. ములుగు జిల్లా పేరూరుకి మిరపకాయలు కోయడానికి ఊరివాళ్లతో కలిసి కూలికి వచ్చింది. కానీ గొత్తికోయలు నడిచి వచ్చిన అడవి అదే. 2020లో కరోనాకి లాక్‌డౌన్ పెట్టారు. పని ఆగింది, బస్సులు ఆగాయి. ఏప్రిల్ నెల ఎండలో మూడు రోజులు, వంద కిలోమీటర్లకి పైగా అడవి దారిలో నడిచింది. ఏప్రిల్ 18న, ఇల్లు ఇంక పది పదిహేను కిలోమీటర్లు ఉందనగా చనిపోయింది. ఆమెకి కరోనా లేదు. ఒంట్లో నీళ్లు, లవణాలు అయిపోయి ఉంటాయని డాక్టర్లు అన్నారు. నాకన్నా రెండేళ్లు చిన్నది. అప్పుడు పేపర్లన్నీ రాశాయి. ఆ పిల్ల బడిలో లేకుండా మిరపచేలో ఎందుకుంది అని అందరూ అడిగారు. కొన్నాళ్లు అడిగారు.

రెండోది 2022 నవంబరు 22. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో, ఎర్రబోడు దగ్గర, పోడు భూమిలో అటవీశాఖ నాటిన మొక్కల గొడవలో రేంజి ఆఫీసరు శ్రీనివాసరావు గారిని నరికి చంపారు. చేసినవాళ్లు ఇద్దరు గొత్తికోయలు. అది ఘోరం. ఆయన ఉద్యోగం ఆయన చేశాడు. ఆ ఇద్దరికీ 2023లో కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. అది న్యాయం. కానీ చంపిన కొద్దిరోజులకే అక్కడి పంచాయతీ, ఎర్రబోడులోని గొత్తికోయలందర్నీ పంపేయాలని తీర్మానం చేసింది. ముసలివాళ్లు, బాలింతలు, పలకా బలపం పట్టిన పిల్లలు, అందరూ పోవాలట.

జమ్లో చనిపోతే అయ్యో అన్నాం. ఆఫీసరు గారు చనిపోతే పొమ్మన్నాం. మధ్యలో ఉన్న ఆ వేలమంది ఏం మారారు? వాళ్లు ముందెలా ఉన్నారో అలాగే ఉన్నారు. మారింది మన మనసు. మన మనసు మారినప్పుడల్లా వాళ్ల గుడిసె లేపాలంటే ఎట్లా?

అందుకే చట్టం ఏం చెప్తుందో చూశాను. ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి. దేశం సరిహద్దు దాటి వచ్చినవాళ్ల కోసం 1951లో అంతర్జాతీయ ఒప్పందం ఒకటి జరిగింది. మన దేశం దాని మీద సంతకం పెట్టలేదు. పెట్టినా గొత్తికోయలకి పనికిరాదు, ఎందుకంటే వాళ్లు దాటింది రాష్ట్రం సరిహద్దే. వాళ్లు భారత పౌరులు. రాజ్యాంగం 19వ అధికరణం ప్రకారం పౌరులు దేశంలో ఎక్కడైనా ఉండొచ్చు. అయితే అదే అధికరణంలో, షెడ్యూల్డ్ తెగల మేలు కోసం ఆ హక్కుకి హద్దులు పెట్టొచ్చని కూడా ఉంది. మనల్ని కాపాడ్డానికి రాసిన మాట అది. ఆదివాసీ నుంచి ఆదివాసీని కాపాడాల్సి వస్తే ఎట్లా అని రాసినవాళ్లు అనుకుని ఉండరు.

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి అడవిలో సాగు చేసుకునేవాళ్లకే పట్టా. సల్వాజుడుం మొదలైంది ఆ ఏడాది జూన్‌లో. ఆ తర్వాత పారిపోయి వచ్చినవాళ్లకి ఇక్కడ తేదీ దాటిపోయింది, అక్కడ ఊరే లేదు. కుల పత్రం సంగతీ ఇంతే. తెగల జాబితా ఒక్కో రాష్ట్రానికి ఒక్కోటి. తెనాలిలో పుట్టి చిన్నప్పుడే బొంబాయి వెళ్లిన ఒక విద్యార్థి అక్కడ తెగ కోటాలో మెడికల్ సీటు అడిగితే, వేరే రాష్ట్రంలో అది చెల్లదని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది.

మా యానాదులకి ఈ కాగితం బాధ బాగా తెలుసు. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం కట్టకముందు ఆ దీవి అడవిలో మావాళ్లు ఉండేవాళ్లు. 1970 ప్రాంతంలో అక్కడి నుంచి లేపారు. గిలకలదిండిలో మేము ఉండేది కాలవ గట్టు మీద. మడ అడవిలో పీతలు పట్టి బతుకుతాం. గట్టు బాగుచేసేటప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి "మీదే ఊరు?" అని అడుగుతారు. ఇదే ఊరు అని మా నాయన చెప్తాడు. కాగితం చూపించమంటారు.

నా అభిప్రాయం ఇది. గొత్తికోయల్ని ముందు లెక్క పెట్టాలి, ఎవరు ఏ సంవత్సరం వచ్చారో రాయాలి. వెనక్కి వెళ్తామన్నవాళ్లకి అక్కడ భూమి, కాపలా ఇచ్చి పంపాలి. ఉంటామన్నవాళ్లకి కొత్తగా అడవి కొట్టకుండా బతికే దారి చూపాలి. ఇక్కడి కోయల వాటా తగ్గకుండా, వాళ్ల గ్రామసభతో కూర్చుని మాట్లాడాలి. పిల్లలకి బడి మాత్రం ఇవన్నీ తేలేదాకా ఆగకూడదు.

మా తాత ఒప్పుకోలేదు. మీలో కూడా కొంతమంది ఒప్పుకోరు. ఈ కాగితం కింద ఇంకో తెల్లకాగితం అంటించాను. మీ మాట దాని మీద రాయండి, కింద తరగతి వేయండి. పెన్సిలుతో రాస్తే చెరిగిపోతుంది, పెన్నుతో రాయండి.