పసుపు లాట్ నడక: ప్రోగ్రాములో స్థితి, స్థితి మార్పు

మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతాల రైతులు పండించే పసుపు అమ్మకానికి తరలివెళ్లే మార్కెట్లలో నిజామాబాద్ యార్డు ముఖ్యమైనది. 2016 ఏప్రిల్ 14న 21 మార్కెట్లతో మొదలైన ఈ-నామ్ అనే జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ మార్కెట్‌లో తొలి విడతలోనే ఈ యార్డుకు చోటు దక్కింది. గేటు దగ్గర నమోదై లాట్ నంబరు పొందిన పసుపు, నాణ్యత పరీక్ష, ఖరీదుదారుల వేలం, కాంటా (తూకం), తక్‌పట్టీ (అమ్మకపు లెక్కల చీటీ), చెల్లింపు అనే దశలను వరుసగా దాటుతుంది. ఇటువంటి వ్యవహారాన్ని ప్రోగ్రాముగా రాసేవారికి ఎదురయ్యే అసలు చిక్కు లెక్కలు కట్టడంలో లేదు, ఏ దశలో ఏ పని చెల్లుతుందో, ఏది చెల్లదో తేల్చడంలో ఉంది.

1960లలో నార్వేకు చెందిన ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ రూపొందించిన సిములా భాషతో మొదలైన ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతిలో, సమాచారాన్నీ దానిపై జరిగే పనులనూ ఒకే చోట ఇమిడ్చిన భాగాన్ని ఆబ్జెక్ట్ అంటారు. ఇక్కడ ఒక్కో లాట్ ఒక ఆబ్జెక్ట్. ఒకానొక సమయంలో ఆ ఆబ్జెక్ట్ ఉన్న దశ దాని స్థితి కాగా, ఒక సంఘటన వల్ల అది మరో దశకు చేరడం స్థితి మార్పు అవుతుంది.

కొత్తగా ప్రోగ్రాములు రాసేవారు సాధారణంగా పరీక్ష అయిందా, వేలం అయిందా, కాంటా అయిందా అంటూ ఒక్కో ప్రశ్నకు ఒక్కో అవును-కాదు గుర్తు పెడతారు. అటువంటి గుర్తులు అయిదు ఉంటే 32 కలయికలు సాధ్యమవుతాయి. దశలు వరుసగా సాగే లాట్‌కు వాటిలో చెల్లేవి ఆరే కాబట్టి, కాంటా కాకుండానే సొమ్ము చెల్లించినట్టు చూపే అసంబద్ధమైన నమోదులకు మిగతా 26 తావిస్తాయి. గుర్తులన్నిటికీ బదులు ఒకే స్థితిని ఉంచి, ఏ స్థితి నుంచి ఏ స్థితికి దారి ఉందో ముందే పట్టికగా రాసుకుంటే ఆ తప్పులకు చోటుండదు. వేలంలో పలికిన ధర గిట్టుబాటు కాదనుకుంటే రైతు దాన్ని నిరాకరించవచ్చు గనుక, ఆ లాట్ తిరిగి వేలానికి సిద్ధమైన స్థితికి వెళ్లే దారి కూడా పట్టికలో ఉండాలి. తక్‌పట్టీ రాసిన తర్వాత మాత్రం ధర మార్చే దారి ఉండకూడదు.

చెల్లని మార్పును అడ్డుకునే కాపలా బాధ్యతను తెర మీది బటన్లకు వదలకుండా లాట్ ఆబ్జెక్టే వహించాలి. రెండు కౌంటర్లలో ఒకేసారి నొక్కినా ఒక్క మార్పే చెల్లేలా, స్థితిని సరిచూడటం, మార్చడం విడదీయరాని ఒకే చర్యగా జరగాలి. గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసైడ్స్ 1994లో ప్రచురించిన గ్రంథంలోని 23 ప్రోగ్రాము రూపకల్పన నమూనాలలో ఒకటైన స్టేట్ ప్యాటర్న్ ప్రకారం ప్రతి స్థితినీ విడి క్లాసుగా (ఆబ్జెక్ట్‌ల మూసగా) రాయవచ్చు. దశలు నాలుగైదే ఉండి, ఒక్కో దశలో చేయాల్సిన పని స్వల్పమైతే పట్టికే చాలు. దశను బట్టి ప్రవర్తన బాగా మారేచోటనే విడి క్లాసుల శ్రమకు ఫలం దక్కుతుంది. ఏ పద్ధతి ఎంచుకున్నా, కోడ్ రాయకముందే ఆ పట్టికను అడ్తిదారులకూ (కమీషన్ ఏజెంట్లకూ) కాంటా వేసేవారికీ చూపడం మేలు, ఎందుకంటే విడిచిపెట్టిన దారి ఏదో మొదట పసిగట్టగలిగేది వారే.