వచ్చిందా... పోయిందా?

“వచ్చిందా?”
“లేదు... ఇంకొంచెం తిప్పు!”
“ఇప్పుడో?”
“ఆఁ... వచ్చింది, వచ్చింది... అయ్యో, పోయింది!”

డాబా మీద నాన్న, మెట్ల మీద అన్నయ్య, టీవీ ముందు చెల్లాయి. 1987లో ఆదివారం పొద్దున్నే రామాయణం మొదలయ్యేలోపు ఎన్ని ఇళ్లలో ఈ కేకలు వినపడేవో! గాలికి యాంటెన్నా కాస్త పక్కకు తిరిగినా, దాని మీద కాకి వాలినా బొమ్మ మీద చుక్కలు కురిసేవి. అయినా సరే, ఆ చుక్కల మధ్యలోంచే రాముణ్నీ సీతనూ పోల్చుకుని దండం పెట్టుకునేవాళ్లం.

ఇప్పుడు ఆ చేప ముల్లులాంటి యాంటెన్నాలు లేవు. వాటికి బొమ్మను పంపిన దూరదర్శన్‌ అనలాగ్‌ ట్రాన్స్‌మిటర్లు కూడా, వ్యూహాత్మక ప్రాంతాల్లోని కొన్ని తప్ప, 2022 నాటికి మూతపడ్డాయి. వాటి స్థానంలో నెలనెలా డబ్బు కట్టనక్కర్లేని గిన్నె ఒకటి మన డాబాలెక్కింది. అదే డీడీ ఫ్రీ డిష్‌. 2004 డిసెంబరులో ‘డీడీ డైరెక్ట్‌ ప్లస్‌’ పేరుతో 33 ఛానళ్లతో మొదలైన సేవ ఇది. డిష్‌కూ, బాక్సుకూ ఒక్కసారి ఖర్చు పెడితే చాలు, ఆ తర్వాత రీఛార్జి గొడవ ఉండదు.

అందుకే ఊళ్లో ఒంటరిగా ఉండే అమ్మమ్మకూ, కూలికి వెళ్లొచ్చే కుటుంబానికీ ఇదే దిక్కు. 2020లో కరోనాతో బడులు మూతపడ్డప్పుడు డీడీ యాదగిరిలో తెలంగాణ పిల్లలకూ, డీడీ సప్తగిరిలో ఆంధ్రా పిల్లలకూ పాఠాలు వచ్చాయి. అప్పుడు ‘నో సిగ్నల్‌’ అంటే ఓ పాట పోవడం కాదు, ఓ పాఠం పోవడం!

మరి ఆ రెండు మాటలు తెరమీద కనపడగానే ఏం చేస్తాం? మెకానిక్‌కు ఫోన్‌ చేస్తాం. లేదంటే నిచ్చెనేసుకుని డిష్‌ను అటూ ఇటూ తిప్పేస్తాం. నిజానికి చాలాసార్లు ఈ రెండూ అక్కర్లేదు. ముందు కిందే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఉంటే ఉంటుంది... లేదంటే లేదు!

పాత యాంటెన్నాకూ డిష్‌కూ ఉన్న పెద్ద తేడా ఇదే. అనలాగ్‌లో సిగ్నల్‌ తగ్గేకొద్దీ బొమ్మ మెల్లమెల్లగా పాడయ్యేది. డిజిటల్‌లో అలా కాదు. బొమ్మ అంకెల రూపంలో వస్తుంది. కొన్ని అంకెలు దారిలో పోయినా బాక్సు లెక్కగట్టి సరిచేసుకుంటుంది. అందుకే సిగ్నల్‌ కాస్త తగ్గినా బొమ్మ అద్దంలా ఉంటుంది. ఒక గీత దాటి తగ్గిందా... బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి, బిగుసుకుపోయి, ఆనక మాయమైపోతుంది. గట్టు అంచుదాకా హాయిగా నడిచి, ఒక్క అడుగు ఎక్కువ వేసి కింద పడ్డట్టన్నమాట!

‘నిన్నటిదాకా బాగానే వచ్చిందండీ’ అని మనం అనడానికి కారణం ఇదే. బాగానే వచ్చిందంటే డిష్‌ సరిగ్గా ఉన్నట్టు కాదు. అది ఎప్పటినుంచో గట్టు అంచున నిలబడి ఉండొచ్చు. ఓ చిన్న గాలి వచ్చి తోసేసి ఉంటుంది, అంతే.

లేవకుండానే చేసే పరీక్షలు

మొదట ‘నో సిగ్నల్‌’ అంటున్నది ఎవరో చూడండి. టీవీయా, బాక్సా? బాక్సు రిమోట్‌లో మెనూ నొక్కండి. మెనూ తెరమీదికి వస్తే టీవీ, దానికీ బాక్సుకూ మధ్య ఉన్న తీగా బాగున్నట్టే. రాకపోతే తప్పు డిష్‌ది కాదు. పిల్లలు టీవీ రిమోట్‌తో ‘సోర్స్‌’ మార్చేసి ఉంటారు. బాక్సు తీగ దేనికి పెట్టి ఉందో (ఏవీ లేదా హెచ్‌డీఎంఐ) అది ఎంచుకుంటే సరి.

మెనూ వచ్చి, బొమ్మ మాత్రం రాలేదనుకోండి. పక్కింటివాళ్లను అడగండి. వాళ్లకూ రాకపోతే కాసేపు ఆగడమే వైద్యం. ఉపగ్రహం నుంచి వచ్చే తరంగాల పొడవు మూడు సెంటీమీటర్లకన్నా తక్కువ. కుండపోత వానలో ఆ నీరే వాటిని మింగేస్తుంది. వాన వెలిశాక బొమ్మ దానంతటదే వస్తుంది. వానలో డాబా ఎక్కి డిష్‌ను కదిపారో, వెలిశాక కూడా రాదు!

కొన్ని ఛానళ్లు వస్తూ కొన్ని మాయమైతే? ఫ్రీ డిష్‌లో ప్రైవేటు ఛానళ్లకు చోటు వేలంలో దక్కుతుంది. అందుకే కొన్ని వెళ్తుంటాయి, కొన్ని కొత్తగా వస్తుంటాయి. మెనూలోకి వెళ్లి ఛానళ్లను మళ్లీ వెతికించండి. అన్నీ పోయాయంటే ఎల్‌ఎన్‌బీ సెట్టింగు చూడండి. డిష్‌ ముందు కొమ్మకు ఉండే బుడిపెనే ఎల్‌ఎన్‌బీ అంటారు. దాని మీద రాసిన అంకెలూ, బాక్సులోని అంకెలూ ఒకటే కావాలి. మామూలుగా అవి 9750, 10600.

రెండు గీతలు చెప్పే నిజం

బాక్సు మెనూలో సిగ్నల్‌ పేజీలో రెండు గీతలుంటాయి. ఒకటి స్ట్రెంగ్త్‌, రెండోది క్వాలిటీ. మొదటిది నిండుగా కనపడగానే ‘సిగ్నల్‌ ఫుల్లుగా ఉంది, బాక్సే పోయింది’ అని తేల్చేస్తుంటారు. పొరపాటు! డిష్‌ ఆకాశంలో ఎటు చూస్తున్నా ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందితే మొదటి గీత పెరుగుతుంది. మనకు కావాల్సిన ఉపగ్రహం దొరికిందో లేదో చెప్పేది రెండోదే.

• రెండూ సున్నా అయితే... కేబుల్‌ తెగింది, లేదా ఎల్‌ఎన్‌బీ పోయింది.

• స్ట్రెంగ్త్‌ ఉండి క్వాలిటీ సున్నా అయితే... డిష్‌ దిశ తప్పింది, లేదా ఏదో అడ్డొచ్చింది. ఎల్‌ఎన్‌బీ సెట్టింగు తప్పినా ఇంతే.

• క్వాలిటీ పెరుగుతూ తగ్గుతూ ఉంటే... ఎక్కడో జాయింటు వదులైంది, లేదా డిష్‌ గాలికి ఊగుతోంది.

అసలు దొంగ కేబులే!

డిష్‌ జోలికి వెళ్లేముందు తీగ సంగతి చూడాలి. ఆ తీగ బొమ్మను కిందికి తేవడమే కాదు, ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టుల కరెంటును పైకి మోస్తుంది కూడా. అందుకే బాక్సు స్విచ్చి ఆపాకే తీగను ఊడదీయాలి.

చివర మరతిప్పే పిన్ను విప్పి చూడండి. మధ్య తీగకు పచ్చగా చిలుము పట్టిందా? చుట్టూ ఉండే జాలీలోంచి ఒక వెంట్రుకంత పోగు మధ్య తీగకు తగులుతోందా? అయితే దొంగ దొరికినట్టే. ఆ ముక్క కత్తిరించి, కొత్త పిన్ను వేసి బిగించండి. రెండు టీవీల కోసం మధ్యలో స్ప్లిటర్‌ పెట్టి ఉంటే, దాన్ని తప్పించి తీగను నేరుగా బాక్సుకు కలిపి చూడండి. ఎలుకలు కొరికిన చోటా, కిటికీ రెక్క కింద నలిగిన చోటా కూడా ఓ చూపు వేయండి.

కేబుల్‌ పిట్టగోడ దిగి ఇంట్లోకి వచ్చేచోట కాస్త కిందికి వేలాడేలా వంపు ఉంచితే వాననీళ్లు అక్కడే కారిపోతాయి. లేదంటే తీగ వెంబడే గదిలోకి నడిచొస్తాయి.

ఆగ్నేయ మూలకు చూడాలి

తీగ బాగుంటేనే డిష్‌ సంగతి. ఫ్రీ డిష్‌ ఛానళ్లను పంపే జీశాట్‌-15 ఉపగ్రహాన్ని 2015 నవంబరులో ప్రయోగించారు. భూమధ్యరేఖకు దాదాపు 36 వేల కిలోమీటర్ల పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర అది ఉంటుంది. మన డాబా మీదినుంచి చూస్తే అది ఉన్నది ఆగ్నేయంలో. వంటగదికి మన పెద్దలు చెప్పే మూలే! హైదరాబాద్‌లో ఉత్తరం నుంచి కుడివైపుగా సుమారు 138 డిగ్రీలు, విజయవాడలో 141, విశాఖలో 149, తిరుపతిలో 133. ఈ ఊళ్లలో ఎత్తు 63 నుంచి 67 డిగ్రీలు. సెల్‌ఫోన్‌లో దిక్సూచి ఉంటే సరిపోతుంది. కాకపోతే ఇనుప గొట్టానికి దూరంగా నిలబడి చూడాలి.

అడ్డు సంగతికి ఓ తేలిక లెక్క. డిష్‌ నుంచి చెట్టు ఎంత దూరంలో ఉందో, డిష్‌కన్నా దానికి రెండింతల ఎత్తు పెరిగితే అడ్డొస్తున్నట్టే. అయిదు మీటర్ల దూరంలోని కొబ్బరిచెట్టు డిష్‌ కన్నా పది మీటర్లు పైకి లేస్తే బొమ్మ పోతుంది. చెట్టు కొట్టక్కర్లేదు, డిష్‌ను నాలుగడుగులు జరిపితే చాలు.

సూర్యుడు కూడా ఇక్కడ సాక్ష్యం చెబుతాడు. మార్చి రెండో వారం ప్రాంతంలోనూ, సెప్టెంబరు చివర్లోనూ కొన్ని రోజులపాటు ఉదయం 11 గంటల వేళ సూర్యుడు సరిగ్గా ఈ ఉపగ్రహం వెనక్కి వస్తాడు. ఆ కొద్ది నిమిషాలూ బొమ్మ చెదిరితే కంగారు పడకండి. పైగా ఆ వేళ డాబా ఎక్కి చూడండి. డిష్‌ మీద ఎండ పడుతుంటే దారి శుభ్రంగా ఉన్నట్టు. కొమ్మ నీడ పడుతుంటే ఆ కొమ్మే మీ శత్రువు!

తిప్పడంలోనే ఉంది తెలివి

డిష్‌ తిప్పాల్సిందేనని తేలితే, ముందు ఇప్పుడున్న చోటును గొట్టం మీద పెన్సిల్‌తో గీసుకోండి. తప్పితే మళ్లీ అక్కడికే రావొచ్చు. పాత యాంటెన్నాలా గిరగిరా తిప్పితే ఇది పని చేయదు. బాక్సుకు సిగ్నల్‌ పట్టుకోవడానికి రెండు మూడు క్షణాలు కావాలి. వేగంగా తిప్పితే ఉపగ్రహాన్ని దాటేస్తాం, తెలియను కూడా తెలియదు. కాస్త జరపాలి, ఆగాలి, మళ్లీ కాస్త జరపాలి.

రెండడుగుల డిష్‌ రెండు డిగ్రీలు పక్కకు తిరిగితే చాలు, బొమ్మ పోయే ప్రమాదం ఉంది. అంటే దాని అంచు జరగాల్సింది సెంటీమీటరే! అందుకే డిష్‌ గొట్టానికి బట్టలారేసే తీగ కట్టకూడదు. తడి దుప్పటి బరువుకు అంతకంటే ఎక్కువే వంగుతుంది.

దిశ కుదిరాక ఎల్‌ఎన్‌బీని దాని పట్టులోనే మెల్లగా అటూ ఇటూ తిప్పి, క్వాలిటీ ఎక్కడ ఎక్కువుంటే అక్కడ ఆపండి. నట్లు ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించండి. ఒకటే గట్టిగా బిగిస్తే డిష్‌ పక్కకు లాగేస్తుంది. కింద టీవీ ముందున్నవాళ్లు వీడియో కాల్‌లో ఆ రెండు గీతలూ చూపిస్తే కేకల పనిలేదు.

ఒక్కమాట. పిట్టగోడ లేని డాబా, పక్కనే కరెంటు తీగలు, తడి మెట్లు, రాత్రి వేళ... వీటిలో ఏది ఉన్నా పైకి వెళ్లొద్దు. ఉరుములప్పుడు బాక్సు ప్లగ్గుతోపాటు డిష్‌ కేబుల్‌నూ తీసి ఉంచండి, అదీ ఉరుములు మొదలుకాకముందే. ఏ సీరియలూ ప్రాణం కన్నా ఎక్కువ కాదు.

ఇంకో పని. బొమ్మ బాగా వస్తున్న రోజున క్వాలిటీ అంకె ఎంతుందో క్యాలెండర్‌ మీద రాసి పెట్టండి. మూడు నెలలకోసారి చూస్తే, గట్టు అంచుకు ఎప్పుడు దగ్గరవుతున్నారో ముందే తెలిసిపోతుంది. పండక్కి ఊరెళ్లినప్పుడు అమ్మమ్మ ఇంట్లోనూ ఆ అంకె రాసి రండి. తర్వాత ఎప్పుడైనా ఆవిడ ఫోన్‌ చేసి ‘బొమ్మ పోయిందిరా’ అంటే, ఇక్కణ్నుంచే ఒక్కొక్కటీ అడుగుతూ సరిచేయొచ్చు. చివర్లో అడగాల్సిన ప్రశ్న మాత్రం పాతదే...

“వచ్చిందా అమ్మమ్మా?”

అమెరికాలో యాంటెన్నా ఇంకా ఉంది!

మన పిల్లలుండే అమెరికాలో పెద్ద టీవీ స్టేషన్ల అనలాగ్‌ ప్రసారాలు 2009 జూన్‌ 12న ఆగిపోయాయి. యాంటెన్నా మాత్రం పోలేదు. దానితోనే అక్కడి స్థానిక ఛానళ్లను డిజిటల్‌లో ఉచితంగా చూస్తారు. 2017లో ముగిసిన స్పెక్ట్రమ్‌ వేలం తర్వాత 2020 వరకు దాదాపు వెయ్యి స్టేషన్లు తమ తరంగాల చోటు మార్చుకున్నాయి. అందుకే అక్కడా ఛానల్‌ పోతే మొదటి మందు మళ్లీ వెతికించడమే. యాంటెన్నాను టీవీ వెనక కాకుండా, స్టేషన్‌ టవరున్న వైపు కిటికీ దగ్గర, వీలైనంత ఎత్తులో పెట్టాలి. కాగితంలా పలచగా ఉండే యాంటెన్నాలు 13వ నంబరు లోపు వీహెచ్‌ఎఫ్‌ తరంగాలను అంత బాగా పట్టవు. ఇక టవరు దగ్గర్లోనే ఉన్నవాళ్లు యాంప్లిఫయర్‌ పెడితే సిగ్నల్‌ మరీ ఎక్కువై, ఉన్న బొమ్మ కూడా పోతుంది. తీసేసి చూడాలి!