వార్తల్లో పదం: సెమ్మెల్‌వైస్ స్కానర్

చేతులు కడిగామా లేదా అన్నది అందరికీ తెలుస్తుంది. సరిగ్గా కడిగామా అన్నది కంటికి కనిపించదు. ఆ లోటు తీర్చడానికి హంగరీలో తయారైన పరికరమే సెమ్మెల్‌వైస్ స్కానర్.

నర్సు మెరిసే రంగు కలిపిన శానిటైజర్‌ను చేతులకు రుద్దుకుని, వాటిని ఈ పరికరపు పెట్టెలో పెడుతుంది. లోపల అతినీలలోహిత కాంతి పడుతుంది, కెమెరా ఫొటో తీస్తుంది. ద్రావణం అంటిన చోటు పచ్చగా, అంటని చోటు ఎర్రగా తెరమీద కనిపిస్తాయి. బొటనవేలు, వేళ్ల కొసలు, అరచేతి వెనుక భాగం... తరచూ తప్పిపోయేవి ఇవే. పది ఉపన్యాసాలు చేయలేని పని ఆ ఎర్రమచ్చ చేస్తుంది. అయితే ఈ యంత్రం సూక్ష్మజీవులను లెక్కపెట్టదు. చెయ్యంతా తడిసిందా అన్నదే చూస్తుంది.

జపాన్ కంపెనీ ఫుజిట్సుది మరో దారి. 2020లో అది చూపిన కృత్రిమ మేధ, నురగ కప్పిన చేతుల కదలికలనూ గుర్తుపట్టి, చేతులు కడగడంలోని ఆరు దశలూ పూర్తయ్యాయో లేదో చెబుతుంది.

1847లో వియన్నా ప్రసూతి వార్డులో డాక్టర్ల చేత చేతులు కడిగించి బాలింతల మరణాలను బాగా తగ్గించిన వైద్యుడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్. స్కానర్‌కు ఆ పేరు తగినదే.

ఇంటి కుళాయి దగ్గర ఇలాంటి పెట్టె అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినట్టు 40 నుంచి 60 సెకన్లు సబ్బుతో కడగండి. బొటనవేళ్లను మాత్రం మరవకండి.